నీలి బాన యింటి పెద్దకోడలు అక్షతల నోము నోచిన కథ

పూర్వము గోదావరీ తీర తపోవనమున వత్సలుడను ముని తన గురువైన చిరంతన మహర్షికి నమస్కరించి, “స్వామీ! నరులు కావ్యములు చదువుచున్నారు, రాజుల చరిత్రలు వినుచున్నారు, నీతులు కంఠస్థము చేయుచున్నారు. అయినను ఇంటిలో కీచులాటలు మానకున్నారు. విన్న కథ ఇంటికి ఫలించు వ్రతమేదైనను కలదా?” అని యడిగెను. మహర్షి నవ్వి, అక్షతల నోమను నొక నోము కలదనియు, దానిని నోచి చెడి, మరల నోచి బాగుపడిన ఇల్లాలి కథ వినుమనియు పలికి యిట్లు చెప్పసాగెను.

వంశధార యొడ్డున రత్నవాటిక యను పట్టణమున బట్టలకు నీలిరంగు వేయు కుటుంబమొకటి కలదు. పెద్దకోడలు సులోచన చదువుల సరస్వతి. ఆమె కథ చదివినచో వీధి వీధంతయు కదలి వచ్చెడిది. చిన్నకోడలు పేరిందేవికి అక్షరములు తడబడును గాని, రంగు పట్టుటకు నీలి బాన తగినంత పులిసినదో లేదో వాసన చూచి చెప్పగలదు. ఆమె సరే యన్నగాని బట్ట ముంచెడివారు కారు.

ఒక శ్రావణ శుక్రవారమున వారీ నోము పట్టిరి. కథ తాను చదివెదనని పేరిందేవి ముచ్చటపడెను. రెండవ ఆకులోనే తడబడెను. సులోచన పేరంటాండ్రందరి యెదుట గ్రంథము లాగుకొని, “నీకెందుకమ్మా ఈ చదువులు? పోయి బాన కలుపుకో!” అనెను. అందరును నవ్విరి. కథ ముగిసిన పిమ్మట చేతిలోని అక్షతలు తాము నొప్పించినవారి తలపై వేయుట ఆ నోము నియమము. సులోచన ఆ నియమమును రాగయుక్తముగా చదివి, అక్షతలు తన తలపైననే వేసికొనెను. మరునాడు పేరిందేవి పుట్టింటికి పోయెను.

నాటినుండి బాన పులియక మురుగసాగెను. వేసిన రంగు తొలి ఉతుకునకే వదలెను. బేరగాండ్రు బట్టలు తెచ్చి గుమ్మమున పడవైచిరి. సులోచన భయపడి మరల నోము పట్టి, మునుపటికంటె శ్రావ్యముగా కథ చదివి, అక్షతలు మరల తన తలపైననే వేసికొనెను. బాన నిలువునా పగిలెను. మూడవమారు అక్షతలు పొట్లము కట్టి పొరుగామెచేత పంపెను. పేరిందేవి పొట్లము విప్పకయే త్రిప్పి పంపెను.

అది చూచి అత్తగారు, “ఆనాడు మాట నోటితో అంటివా, పొట్లము కట్టి పంపితివా తల్లీ?” అని యడిగెను.

సులోచనకు సిగ్గు ముంచుకొని వచ్చెను. అక్షతలు గుప్పిట పట్టుకొని, పసుపు చేతులతోనే పేరిందేవి పుట్టింటికి రెండు కోసులు నడచెను. దారిపొడవునను కూర్చుకొన్న మాటలు పేరిందేవిని చూడగానే ఒక్కటియు గుర్తు రాలేదు. “తప్పయిపోయిందే పేరీ, ఇంటికి రా” అని, చెమటకు తడిసిన అక్షతలు ఆమె తలపై నుంచి ఏడ్చెను.

“బానకోసమా అక్కా, నాకోసమా?” అని పేరిందేవి యడిగెను.

“బాన ఎప్పుడో పగిలిపోయిందే” అని సులోచన చెప్పెను.

పేరిందేవి నవ్వి వెంట నడచెను. క్రొత్త బాన పెట్టిరి, రంగు నిలిచెను, పోయిన బేరములు తిరిగి వచ్చెను. నాటినుండి శుక్రవారము కథ పేరిందేవియే చదివెడిది. తడబడినచోట సులోచన మెల్లగా అక్షరమందించెడిది.

కావున ఈ నోమును అత్తాకోడండ్రు, తోడికోడండ్రు, అన్నదమ్ములు, ఆలుమగలు నోచవచ్చును. చదువు చక్కగా వచ్చినవారు రెండుమార్లు నోచవలెను. నోచినవారికి చేతిపని కలిసివచ్చును, అలిగిపోయినవారు తిరిగివచ్చెదరు. కథ చదువుటలో తప్పులు దొర్లినను నోము చెడదు. అక్షతలు చేతిలోనే నిలిచిపోయిన చెడును. కథ విన్నవారలారా, ఇక లేవుడు, ఎవరి తలపై వేయవలెనో మీకు తెలియును.