గోటికి లొంగిన రాయి

చండభూపతికి ఏ పిచ్చి పట్టినా మెట్టుదుర్గం మొత్తానికీ పట్టి తీరాలి. ఆ ఏడు ఆయనకు గట్టిదనం పిచ్చి పట్టింది.

కారణం పొరుగు రాజు. విందుకొచ్చినవాడు ఊరుకోక, కోట వెనకున్న బలపపురాతి కొండను సరదాకి గోటితో గీశాడు. చక్కగా గీత పడింది.

"ఏమండీ, మీ కొండ గోటికే లొంగిందే! ఇక కత్తి చూపిస్తే ఏమైపోతుందో!" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

చండభూపతికి ఆనాటి నుంచి తిన్నది వంటబట్టలేదు. ఆస్థాన రత్నపరీక్షకుడు ఔబళభట్లుని పిలిపించాడు.

"ప్రభూ, వజ్రం అన్నిటినీ గీస్తుంది, దాన్ని ఏదీ గీయలేదు. అదీ రాజలక్షణం!" అన్నాడు భట్లు. "ఈ బలపపురాయిని ప్రతివాడూ గీస్తాడు, అది దేన్నీ గీయలేదు. రాళ్ళలో ఇంత పిరికిది ఇంకోటి లేదు. దీన్ని ముట్టుకుంటే మనుషులు కూడా మెత్తబడిపోతారు."

అంతే. రాజ్యంలో అన్నీ గట్టిగా ఉండాలని ఆజ్ఞ అయింది. మంత్రులు మంచినీళ్ళు అడిగినా అరిచి అడగాలి. వంటశాలలో పప్పు మెత్తగా ఉడికితే నేరం. పళ్ళూడిన సేనాపతి చేగోడీ ఒకటి బుగ్గన పెట్టుకుని, సభ ముగిసేదాకా నానబెట్టుకుంటూ, "ఆహా, ఎంత గట్టిగా ఉందో!" అని మెచ్చుకునేవాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. కొండ కింద ఆ రాయి తొలుచుకు బతికే కుటుంబాలన్నీ అమావాస్యలోగా దేశం విడిచి పోవాలన్నారు. వాళ్ళంతా పిల్లాజెల్లాతో వచ్చి సభలో గోడవార నిలబడ్డారు.

"మాకు వేరే పని రాదు దొరా. ఈ కొండ వదిలి ఎక్కడికి పోతాం?" అని పోలమ్మ అనే ముసలామె బావురుమంది.

"మెత్తని రాయి, మెత్తని మనుషులు! ఏడవడం తప్ప ఇంకేం చేతనవుతుంది?" అన్నాడు భట్లు.

రాజుగారికి తాంబూలం అందించే నాగసాని, ఆకు చుడుతున్నదల్లా చెయ్యి ఆపింది.

"ప్రభూ, ఒక సందేహం. ఏలినవారు ఇష్టంగా తినే చింతపండు పులుసు దేంట్లో కాస్తారు?"

"రాచ్చిప్పలో. ఇత్తడి గిన్నెలో అయితే కిలుమెక్కదూ?"

"ఆ రాచ్చిప్ప ఈ కొండ రాయే. తమరి కత్తికి ఇత్తడి పిడి పోతపోసింది ఏ అచ్చులో?"

రాజు సేనాపతి వైపు చూశాడు.

"బలపపురాతి అచ్చులోనే ప్రభూ," అన్నాడు సేనాపతి, చేగోడీ ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకి మార్చుకుంటూ. "కరిగిన ఇత్తడి పోసినా దానికి చలనం ఉండదు."

"మరి వేసవిలో తమరి వీపున చెమటకాయలకి చల్లే పొడి?"

రాజు గొంతు తగ్గింది. "అదీ... ఆ రాయేనా?"

"యువరాజావారు ఓనమాలు దిద్దే బలపం సంగతి నేను చెప్పను ప్రభూ. దాని పేరే చెబుతోంది."

భట్లుకి ఒళ్ళు మండింది. "ఆకులు చుట్టుకునేదానివి, నీకెందుకే రాళ్ళ గొడవ? గిన్నెలూ పొడులూ కాదు, రాయికి పౌరుషం ఉండాలి!"

"అయితే నిప్పునే అడుగుదాం భట్లుగారూ. దానికి ఎవరి దగ్గరా మొహమాటం లేదు."

రాజుకి ఈ సరదా నచ్చింది. ఒకే కొలత పీటలు రెండు తెచ్చారు. ఒకటి నల్లరాతిది, రెండోది బలపపురాతిది. పెరట్లో పెద్ద మంట వేసి అందులో పెట్టారు.

కాసేపటికి నల్లరాతి పీట ఫెటేలున పగిలింది.

"చూశారా పౌరుషం! పగిలింది గానీ తల వంచలేదు!" అన్నాడు భట్లు. అవునవునని నలుగురు చప్పట్లు కూడా కొట్టారు.

బలపపురాతి పీటకి బీట కూడా పడలేదు. అన్నిటినీ ఇనప కడ్డీలతో బయటికి లాగి సభలో పెట్టారు. రాజుగారు భోజనం చేసి వచ్చి కూర్చున్నారు.

భట్లు నల్లరాతి ముక్కల్ని కాలి వేలితో తాకి చూశాడు.

"నల్లరాయే చల్లారిపోయింది. ఇక ఈ మెత్తనిది ఎప్పుడో చల్లారి ఉంటుంది. వేడి నిలబెట్టుకోవడానికైనా గట్టిదనం ఉండాలి ప్రభూ!"

"వద్దు భట్లుగారూ, దాని జోలికి పోకండి. ఇంకా కాలుతుంది," అంది నాగసాని.

"రాళ్ళ గురించి నువ్వు నాకు చెబుతావా?"

భట్లు పట్టుపంచె సర్దుకుని, సభంతా చూస్తుండగా ఠీవిగా ఆ పీటమీద కూర్చున్నాడు.

మరుక్షణం గాల్లో ఉన్నాడు. "అమ్మోయ్!" అంటూ రెండు చేతులూ వెనక పెట్టుకుని స్తంభాల చుట్టూ ఒకటే పరుగు.

"ఇంతసేపైనా చల్లారలేదేమే నాగసానీ?" అన్నాడు రాజు, నోరెళ్ళబెట్టి.

నాగసాని తాంబూలం అందిస్తూ గోడవార నిలబడ్డ జనం వైపు చూసింది.

"మెత్తనివాళ్ళకి వేడి తొందరగా ఎక్కదు ప్రభూ. ఎక్కిందంటే తొందరగా దిగదు."

రాజు కూడా అటు చూశాడు. పోలమ్మ ఇప్పుడు ఏడవడం లేదు. ఎవరూ ఏడవడం లేదు. ఊరికే ఆయన వంక చూస్తున్నారు.

రాజు తాంబూలం మింగలేక మింగాడు. తర్వాత స్తంభం వెనక నుంచి తొంగిచూస్తున్న భట్లు మొహం కంటబడి, ఆపుకోలేక పగలబడి నవ్వాడు. దాంతో సభ సభంతా ఘొల్లుమంది. పోలమ్మ కూడా నవ్వుకి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆజ్ఞ అక్కడికక్కడే రద్దయింది. కొండ ఆ కుటుంబాలదేనని రాజు మాటిచ్చాడు. చేతి కంకణం తీసి నాగసానికి బహూకరించాడు.

"భట్లుగారికి ఆసనం వెయ్యండిరా!" అన్నాడు.

"వద్దు ప్రభూ," అన్నాడు భట్లు, "నిలబడే ఉంటాను."