మూర, జాన, బెత్తెడు

కంబగిరి గురువు దగ్గరికి ఎప్పుడొచ్చినా వట్టి చేతులతో రాడు, ఏదో ఒక బాధ మోసుకొస్తాడు. ఆ పొద్దు బాధతో పాటు ఒక గోనెసంచి గూడా మోసుకొచ్చినాడు. సంచిలో చెక్క కోసే మిషన్లు మూడు ఉండాయి.

గురువు పేరు పక్కీరప్ప తాత. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల ఊళ్ళలో పేరు మోసిన వడ్రంగి. ఇరవై ఏండ్ల కిందట కూలి పని మానేసి, గుట్ట మీది దర్గాలో పకీరుగా కుదురుకున్నాడు. దర్గాకు తలుపో కిటికీనో కావాలంటే మాత్రం ఇప్పటికీ ఆయన చేతులే చేయాల. కంబగిరికి ఉలి పట్టడం ఆయనే నేర్పినాడు, దేవుని పేరు తలుచుకోవడమూ ఆయనే నేర్పినాడు. మొదటిది బాగానే వచ్చింది. రెండోదాని సంగతి ఆ దేవునికే తెలియాల.

"సామీ, ఒక్క మాట చెప్పండి చాలు," అని కంబగిరి సంచి దించినాడు. "ఈ మూడింట్లో ఏ కంపెనీది మంచిది?"

"కూర్చోరా ముందు."

"కూర్చునే తీరిక లేదు సామీ. శుక్రవారానికి హాస్టలు తలుపులు పద్దెనిమిది బిగించియ్యాల. ఈ పొద్దు మంగళవారం. ఓబులేసన్న చూస్తే పనికి రానంటాండాడు. ఆయన లేకుంటే నేను మునిగినట్టే."

ఓబులేసు పదైదేండ్లుగా కంబగిరితో పని చేస్తాండాడు. వయసులో ఐదేండ్లు పెద్ద, కోతలోనూ ఒక మెట్టు పైనే. అయితే ఆ పనిలో ఒక పద్ధతి ఉండాది. మిషను ఎవనిదో కోత వానిది. మిషను లేనోడు ఎదురుగా నిలబడి చెక్క పట్టుకోవాల. ఓబులేసుకు మిషను లేదు కాబట్టి పదైదేండ్లుగా చెక్క పట్టుకుంటానే ఉండాడు.

"ఎందుకు రానంటాడు?" అన్నాడు తాత.

కంబగిరి చెప్పినాడు. నిన్న పొద్దున చెక్కలో ముడి తగిలి బ్లేడు బిగుసుకుంది. మిషను ఎగిరింది. కంబగిరి పట్టు తప్పింది. అది తిరుగుతా తిరుగుతానే పోయి ఓబులేసు చొక్కా చేతిని మణికట్టు కాడ నుంచి మోచేయి దాకా చీల్చింది. ఒంటి మీద గీత గూడా పడలేదు, అది ఆయన అదృష్టం. ఓబులేసు చిరిగిన చొక్కాను చూసుకున్నాడు, చెప్పులు తొడుక్కున్నాడు, ఇంటికి పోయినాడు.

"తప్పంతా కంపెనీది సామీ! నా పాతది, ఈ సింగం మార్కుది, ఇంటి వాడకానికంట. నెలకొకసారి ఏ అలమరకో ఒక పలక కోసుకునేటోళ్ళకు సరిపోతుందంట. నేనేమో దాంతో రోజుకు పది గంటలు కోస్తాంటి. మిషన్ల అంగడాయన నెత్తి కొట్టుకున్నాడు, ఇంటికి వేరే, పనికి వేరే అని తెలీదా నీకు అని. రెండు కొత్తవి ఇచ్చినాడు, కోసి చూసి చెప్పమన్నాడు."

ఇంక మొదలుపెట్టినాడు చూడు, అంగడాయన కంటే ఎక్కువగా! ఎర్రది పనోళ్ళ కోసమే చేసిందంట, ఏడాది గ్యారంటీ, ధర నడిమితరం. నల్లది పెద్ద కంపెనీది, మూడేండ్లు గ్యారంటీ. బ్లేడు బిగుసుకుంటే దానంతట అదే ఆగిపోతుందంట. కాకపోతే అది కొంటే ఇంటామె కమ్మలు తాకట్టుకు పోవాల.

"మీరు ఏది చెప్తే అది కొంటా సామీ. మంచి కంపెనీది కనపడితే ఓబులేసన్న తానే వస్తాడు."

తాత అంతా విన్నాడు.

"మిషను ఎగిరినప్పుడు నీ చేయి యాడుండె?"

"పిడి మీద."

"ఓబులేసు చేయి?"

"చెక్క మీద సామీ."

తాత లుంగీ ఎగ్గట్టి లేచినాడు. కిటికీకని తెచ్చిపెట్టుకున్న వేపపలకను రెండు బల్లల మీద పొడుగ్గా పరిచినాడు. దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు నిలువుగా పెన్సిలు గీత గీసినాడు. తర్వాత సంచిలోంచి మిషన్లు ఒక్కొక్కటే తీసి చూసినాడు.

"వీటి రేకులేవి?"

బ్లేడు మీద అడ్డంగా ఉండే రేకును అడుగుతాండాడు, అందరూ గార్డు అంటారే, దాన్ని.

"పీకేసినా సామీ. అది ఉంటే గీత కనపడదు."

"కొత్తవాటికి గూడానా?"

"అందరూ పీకేసేదే సామీ."

ఆ మాట నిజమే. కొత్త మిషను కొంటారు, పసుపు కుంకుమ పెడతారు, టెంకాయ కొడతారు, చల్లగా కాపాడు తల్లీ అని మొక్కుతారు. మొక్కిన చేత్తోనే పానా తీసుకుని రేకు పీకేస్తారు. దేవుడు కావాల, రేకు మాత్రం అడ్డం!

తాత పాత మిషను వైరు గోడకు తగిలించినాడు. "ఆ కొస పట్టుకో," అన్నాడు.

కంబగిరి నవ్వినాడు. "మీరు కోస్తారా సామీ? నాకు అంతకంటే భాగ్యమా!" తాత చేయి వెంట్రుక మందం గూడా తప్పదని ఊరంతా చెప్పుకుంటా తిరిగేది కంబగిరే. పోయి ఆ కొస దగ్గర నిలబడి, రెండు అరచేతులూ గీతకు అటూ ఇటూ ఆనించి నొక్కి పట్టుకున్నాడు.

మిషను గుయ్యిమని లేచింది. పొట్టు ఎగిరింది.

కంబగిరి ఆ కొసన నిలబడి ఎన్నేండ్లయిందో! పిడి పక్క నుంచి చూస్తే బ్లేడు గీత మీద పోతా కనపడుతుంది. ఈ పక్క నుంచి చూస్తే తన మీదికి వస్తా కనపడింది. రేకు లేదు కాబట్టి బ్లేడు పండ్లన్నీ కనపడతాండాయి. మూర దూరం ఉండాది. తాత చేయి నిదానంగా, గీత మీదనే వస్తాంది. జాన దూరానికొచ్చింది. పొట్టు కండ్లలో పడింది. తుడుచుకుందామంటే చేయి తీయకూడదు. తీస్తే పలక అదురుతుంది, కోత చెడుతుంది. బెత్తెడు దూరానికి వచ్చేసరికి కంబగిరి చేతులు వెనక్కి వచ్చేసినాయి. తాను తీయలేదు, అవే వచ్చినాయి.

తాత మిషను ఆపినాడు.

"ఇంటి వాడకానిది కదా, అందుకే భయపడినట్టుండావు," అన్నాడు. "పనోళ్ళదానితో చూస్తాం ఉండు."

ఎర్రది తగిలించి, పలకను అటు తిప్పి, ఇంకో గీత గీసినాడు. కంబగిరి మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి పండ్లు బిగించి నిలబడినాడు. మీసాల మీద చెమట పట్టింది. నిన్న ఎగిరిన మిషను కండ్ల ముందర కనపడతాండాది. ముడి ఉందేమో, పలకలో యాడన్నా ముడి ఉందేమో అని గీతంతా వెతుకుతాండాడు. బ్లేడు జాన దూరంలో ఉన్నప్పుడే చేతులు లాక్కున్నాడు.

తాత నల్లది తీసినాడు.

"సామీ, చాలు," అన్నాడు కంబగిరి.

"అట్లంటావేమప్పా? పెద్ద కంపెనీది. బిగుసుకుంటే తానే ఆగిపోతుందంటివే. పట్టుకో."

గురువు మాట. కంబగిరి పట్టుకున్నాడు. నల్ల మిషను గట్టిగా అరవలేదు గూడా, మెల్లగా వస్తాంది, వెన్నను కోసినట్టు కోస్తాంది. అంత మంచి మిషను. అయినా కంబగిరి బ్లేడు ఇంకా మూర దూరంలో ఉండగానే పలక వదిలేసి, రెండడుగులు ఎగిరి వెనక్కి పడినాడు. పలక బల్లల మీది నుంచి జారి కిందపడి పెళ్ళుమని చీలింది.

తాత వైరు పీకినాడు.

"ధర పెరిగేకొద్దీ ముందుగానే తీస్తాండావే చేయి!"

కంబగిరి తల దించుకున్నాడు.

"మిషను మంచిది కాదా?"

"మంచిదే సామీ."

"నా చేయి తప్పుతుందనుకుంటివా?"

"అయ్యో, మీ చేయి తప్పదు సామీ!"

"మరి?"

కంబగిరి తన చేతుల వైపు చూసుకున్నాడు. పదైదేండ్లలో ఓబులేసు ఒక్కసారి గూడా చేయి తీయలేదు. ఎప్పుడన్నా పలక ఇంత అదిరితే తాను ఏమని అరిచేటోడో గుర్తుకొచ్చింది. గట్టిగా పట్టుకోన్నా, నిద్రపోతాండావా! నలుగురి ముందర అరిచేటోడు.

తాత కిందపడిన పలక ముక్కలు తీసి గోడకు ఆనించినాడు. లోపలికి పోతా పోతా వాకిలి దగ్గర ఆగినాడు.

"అంగడికి ఒక్కనివే పోయింటివా?"

"ఒక్కన్నే సామీ."

తాత లోపలికి పోయినాడు. మళ్ళీ బయటికి రాలేదు.

కంబగిరి ఆడనే గచ్చు మీద కూర్చున్నాడు. సంచిలో అడుగున పడి ఉన్న రేకులు తీసినాడు. పానా తీసుకుని మూడు మిషన్లకూ మూడూ బిగించినాడు. ఒక్కో బోల్టుకు రెండు మూడు సార్లు పానా జారింది. పని అయినాక సంచి భుజాన వేసుకుని గుట్ట దిగినాడు.

నేరుగా ఓబులేసు ఇంటికి పోయినాడు. ఓబులేసు వసారాలో కూర్చుని చెనక్కాయలు ఒలుస్తాండాడు. భార్య కుట్టి ఇచ్చినట్టుంది, ఆ చొక్కానే తొడుక్కుని ఉండాడు. చేతి పొడుగునా నల్లదారంతో కుట్లు కనపడతాండాయి. కంబగిరి సంచి దించగానే లోపల మిషన్లు గణగణమన్నాయి. ఆ చప్పుడుకు ఓబులేసు తనకు తెలీకుండానే ఆ చేతిని ఒళ్ళోకి లాక్కున్నాడు.

కంబగిరి అది చూసినాడు.

ఓబులేసే, చెనక్కాయల మీద నుంచి తల ఎత్తకుండా అడిగినాడు.

"యా కంపెనీది కొన్నావు?"

"ఇంకా కొనలేదన్నా. నువ్వు గూడా రా, అంగడికి పోయి చూస్తాం."

"నేనెందుకప్పా? చూసుకోవాల్సింది కోసేటోడు."

"అందుకే రమ్మంటాండా," అన్నాడు కంబగిరి. "ఇంక మీద కోసేది నువ్వు. చెక్క నేను పట్టుకుంటా."