మోటారు మింగిన ప్రెసిడెంటు

సూక్ష్మంపాడు వాళ్ళకి తమ తెలివంటే చెడ్డ గర్వం. "పక్క ఊళ్ళ వాళ్ళు ఒక మాట వింటే దానికి పది అర్థాలు తీస్తారు. మనకా గొడవ లేదు, ఏ మాట అంటే ఆ మాటే పట్టుకుంటాం" అని మీసాలు దువ్వుకునేవాళ్ళు. ఓసారి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి "దోమలు రాకుండా చూసుకోండమ్మా" అని చెప్పి వెళ్ళింది. అంతే. సాయంత్రం అయ్యేసరికి ఊరు ఊరంతా అరుగుల మీద కూచుని, రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండిపోయారు. దోమలు వెనకనుంచి వచ్చి కుట్టాయి. "ఏ వైపు చూడాలో ఆవిడ చెప్పలేదు. తప్పు మనది కాదు" అని తేల్చేశారు.

అలాంటి ఊళ్ళో అందరికంటే తెలివైనవాళ్ళని ఏరి పంచాయతీ మెంబర్లుగా గెలిపించుకున్నారు. పెద్దావిడ నూకాలమ్మ, ఆవిడ మేనమామ కొడుకు తాతబ్బాయి, తాతబ్బాయి బావమరిది గవర్రాజు. ముగ్గురూ ఒకే వీధి, ఒకే తెలివి. ఊరి ప్రెసిడెంటు మాత్రం బంగారయ్య. ఆయన కొంచెం లోకం తిరిగినవాడు.

మంచి ఎండల్లో, నీళ్ళ ట్యాంకు దగ్గరి షెడ్డులో ఉండాల్సిన మోటారు మాయమైపోయింది. కుళాయిలు బుస్సుమని గాలి వదిలాయి. ఆడవాళ్ళు చెప్పుల్లేని కాళ్ళతో కాలవ దాకా నడిచి, బిందెలు మోసుకుని, నడుములు పట్టుకుని కూలబడుతున్నారు. చంటిపిల్లలకి స్నానాలు లేవు.

మెంబర్లు ముగ్గురూ టీకొట్టు సత్తిపండు దగ్గర కూచుని ఇదే మాట్లాడుకుంటున్నారు. సత్తిపండు గ్లాసులు తుడుస్తూ అన్నాడు. "ఇంకెక్కడి మోటారండీ బాబూ! ప్రెసిడెంటు గారు ఎప్పుడో మింగేశారు."

ఇంకేముంది, ముగ్గురికీ టీ గొంతులోనే ఆగిపోయింది.

"మోటారునే!" అన్నాడు తాతబ్బాయి. "అంత లావు ఇనుము ఎలా మింగాడ్రా?"

"ఊరికే ఎలా దిగుతుంది బావా? గ్రీజు రాసుకుని ఉంటాడు" అన్నాడు గవర్రాజు.

నూకాలమ్మ బుగ్గ మీద వేలేసుకుంది. "అందుకేనర్రా! మొన్న మా మనవరాలి ఓణీల ఫంక్షన్లో ఎంత బతిమాలినా బంతిలో కూచోలేదు. కడుపు నిండుగా ఉందమ్మా అన్నాడు."

"నిండుగా ఉండక చస్తుందా!" అని ముగ్గురూ లేచారు.

వాళ్ళు వెళ్ళేసరికి బంగారయ్య మధ్యాహ్నం భోంచేసి, వసారాలో మంచం మీద ఫాను కింద గుర్రుపెడుతున్నాడు. నూకాలమ్మ మెల్లిగా వంగి ఆయన బొజ్జ మీద చెవి ఆనించింది. లోపల గుడగుడ గుడగుడ.

"తిరుగుతోందిరా!" అంది గుసగుసగా.

తాతబ్బాయి కూడా విన్నాడు. "ఊరికి నీళ్ళు లేవు గానీ ఈయన కడుపులో మాత్రం భేషుగ్గా తిరుగుతోంది."

"నీళ్ళు లేకుండా తిరిగితే కాలిపోతుంది. ఆపండి, ఆపండి!" అంటూ గవర్రాజు పరిగెత్తి గోడకున్న మెయిను కిందికి లాగాడు. ఫాను ఆగింది. ఉక్కకి బంగారయ్యకి మెలకువ వచ్చింది. గురక ఆగింది.

"ఆగింది! ఆగింది!" అని ముగ్గురూ చప్పట్లు కొట్టుకుంటూ బయటికి వచ్చేశారు. సాక్ష్యం దొరికింది. అంతే, అటునుంచి అటే బస్సెక్కి మండలాఫీసుకి వెళ్ళారు.

అక్కడి ఆఫీసరు సుభాషిణి గారు మంచి మనిషి. "మా ప్రెసిడెంటు మోటారు మింగేశాడండీ" అని నూకాలమ్మ చెబితే ఆవిడ ముఖం గంభీరంగా పెట్టింది.

"ఎవరో అన్నారని చెబుతున్నారా, మీకే తెలుసా?"

"మా చెవులతో మేమే విన్నామండీ."

"అయితే భయపడకండి. ప్రెసిడెంటు తప్పు చేస్తే అడగాల్సింది మీరే. మిమ్మల్ని మెంబర్లుగా గెలిపించింది అందుకే. ఊరందరి ముందూ మీటింగు పెట్టి నిలదీయండి. తిన్నదంతా కక్కించండి. తరవాత సంగతి నేను చూస్తాను."

దారి పొడుగునా ముగ్గురూ ఆ మాటలే వల్లె వేసుకున్నారు. నిలదీయాలి, కక్కించాలి. నిలదీయాలి, కక్కించాలి.

మర్నాడు పంచాయతీ ఆఫీసు ముందు జనం ఖాళీ బిందెలతో సహా వచ్చారు. మెంబర్లు ముందే కుర్చీలు, బల్లలు, ఆఖరికి వాచ్‌మన్ స్టూలు కూడా లోపల పెట్టి తాళం వేసేశారు. బంగారయ్య తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు.

"అక్కడ నిలబడండి" అంది నూకాలమ్మ.

నిలబడ్డాడు. ఎండ నడినెత్తికి వచ్చింది. ఎవ్వరూ ఏమీ అనరు. ముగ్గురూ ఆయన కాళ్ళ వంకే చూస్తున్నారు.

"ఏమైనా అడగండమ్మా. కాళ్ళు పీకేస్తున్నాయి" అన్నాడు బంగారయ్య.

"అడగడం కాదండీ, నిలదీయడం. మీరలా వంగకండి. వంగితే నిలదీసినట్టు కాదు" అన్నాడు తాతబ్బాయి.

బంగారయ్యకి సంగతి అర్థమైంది. ఊళ్ళో మాట ఆయన దాకా ముందే వచ్చింది. గొంతు పెంచాడు. "చూడండి! ఆ మోటారుని నేను చేత్తో ముట్టుకోలేదు. నా పిల్లల మీద ఒట్టు!"

ఆ మాట నిజమే. కూలీల చేత ఎత్తించి ట్రాక్టరు మీద వేయించాడు. ఆయన చెయ్యి తగల్లేదు. జనం మెత్తబడ్డారు. పాపం, పిల్లల మీద ఒట్టేశాడు కదా అనుకున్నారు.

మెంబర్లు ముగ్గురూ తలలు దగ్గర పెట్టారు.

"చేత్తో ముట్టుకోలేదన్నాడు" అన్నాడు తాతబ్బాయి.

"అంటే నేరుగా నోటితోనే అందుకున్నాడు" అన్నాడు గవర్రాజు.

"ఒప్పేసుకున్నట్టేగా!" అంది నూకాలమ్మ. "కక్కించండిరా!"

ఇంకేముంది! తాతబ్బాయి ఆయన రెక్కలు వెనక్కి విరిచి పట్టుకున్నాడు. గవర్రాజు ముక్కు మూశాడు. నూకాలమ్మ చెంబెడు ఉప్పునీళ్ళు నోట్లో పోసింది. "అదేంటమ్మా, అదేంటి" అంటూనే బంగారయ్య గటగటా తాగేసి, ఆ పక్కకి తిరిగి భళ్ళుమన్నాడు. పొద్దున తిన్న గారెలు బయటికి వచ్చాయి. ఆయన తొందరగా తినే మనిషి, సరిగ్గా నమలడు. ఒక గారె ముక్క చిల్లుతో సహా వచ్చింది.

"వాషరు!" అని అరిచాడు గవర్రాజు. "వాషరు వచ్చేసింది! ఇక మోటారు దాని వెనకాలే వస్తుంది!"

జనం బిందెలు పట్టుకుని ముందుకి తోసుకొచ్చారు. ఇంకో చెంబు పట్టించారు. చట్నీ వచ్చింది గానీ మోటారు రాలేదు.

"అంత పెద్దది గొంతులోంచి ఎలా వస్తుంది? అడ్డం తిరిగి ఉంటుంది" అంది నూకాలమ్మ దిగులుగా. "ఒరే గవర్రాజూ, మా ఇంట్లో గుమ్మడికాయలు కోసే పెద్ద కత్తిపీట ఉంటుంది, పట్రా."

గవర్రాజు వెళ్ళి తెచ్చి, ఆయన ముందే పీట వాల్చుకుని కూచున్నాడు. "కొంచెం బొజ్జ ఇలా జరపండి" అన్నాడు మర్యాదగా.

బంగారయ్యకి పై ప్రాణాలు పైనే పోయాయి. నిలబడ్డవాడల్లా చతికిలబడి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. "నా కడుపులో లేదర్రా! నా చేపల చెరువు గట్టు మీదుంది! నేనే తీయించాను! ఈ ఎండకి చెరువెండి చేపలు చచ్చిపోతాయని... ఊరికి ఎలాగోలా నీళ్ళు దొరుకుతాయిలే అనుకున్నాను."

జనంలోంచి ఒకావిడ ముందుకి వచ్చింది. నిండు చూలాలు. చంకలో ఖాళీ బిందె. "ఎలాగోలా అంటే ఏంటండీ? ఇదిగో, ఈ నడుం మీదండీ" అంది.

బంగారయ్య తలెత్తలేదు.

"మరి ఆ వాషరు ఎక్కడిది?" అన్నాడు గవర్రాజు.

చెరువు గట్టు మీంచి మోటారుని బండి మీద ఊరేగించి తెచ్చి పంచాయతీ ఆఫీసు అరుగు మీద దింపారు. కబురు పైదాకా వెళ్ళింది. విచారణ జరిగింది. బంగారయ్య పదవి ఊడింది. ఆ కాగితం పట్టుకుని సుభాషిణి గారే జీపులో వచ్చారు. ఆవిడకి ఇంకో ఊళ్ళో పనుంది, ఇంజను ఆపించలేదు కూడా.

"మీలాంటి మెంబర్లు ప్రతి ఊళ్ళోనూ ఉండాలమ్మా" అని నూకాలమ్మ చెయ్యి పట్టుకుని మెచ్చుకుంది ఆవిడ. "మోటారు ఇవాళే పెట్టించేయండి. మళ్ళీ ఎన్నికలు జరిగేదాకా ప్రెసిడెంటు కుర్చీ ఖాళీగా ఉండకూడదు. ఊరికి నీళ్ళిచ్చేది ఎవరో బాగా ఆలోచించుకుని, వాళ్ళనే కూర్చోబెట్టండి." జీపు వెళ్ళిపోయింది.

ముగ్గురూ అరుగు మీద కూచుని ఆలోచించారు.

"నువ్వు కూచో వదినా" అన్నాడు తాతబ్బాయి.

"నేను ఊరికి నీళ్ళిస్తున్నానా? ఇంటికొచ్చిన వాళ్ళకి మజ్జిగిస్తాను. అది వేరు."

"నేనైతే మజ్జిగ కూడా ఇవ్వను" అన్నాడు గవర్రాజు నిజాయితీగా. "మరి ఊరందరికీ నీళ్ళిచ్చేది ఎవరు?"

ముగ్గురి తలలూ ఒక్కసారే పక్కకి తిరిగాయి. అరుగు మీద మోటారు ఎండలో తళతళా మెరుస్తోంది.

అంతే. దానికి స్నానం చేయించారు, పసుపు రాశారు, బొట్టు పెట్టారు. నలుగురు పట్టి లోపలికి తీసుకెళ్ళి, చక్రాలున్న ప్రెసిడెంటు కుర్చీలో కూర్చోబెట్టారు. జారిపోకుండా జరీ కండువాతో కట్టి, మెడ ఎక్కడుందో తెలియక చుట్టూరా దండ వేశారు. జనం గదినిండా చేరారు.

"ఏం మాట్లాడరేంటండీ?" అన్నారెవరో.

"కరెంటివ్వకుండా ఎలా మాట్లాడతారు!" అని గవర్రాజు వైరు తగిలించి స్విచ్చి వేశాడు.

మోటారు గుర్రుమంది. కిటికీ రెక్కలు అదిరాయి. "ఆహా, ఏం గొంతండీ! పాతాయన ఇంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు" అని జనం ఒకటే చప్పట్లు. కుర్చీ గజగజా ఊగి, చక్రాల మీద మెల్లిగా గుమ్మం వైపు కదిలింది.

బిందె పట్టుకున్న ఆ చూలాలు గట్టిగా అడిగింది. "మరి నీళ్ళెప్పుడొస్తాయండీ?"

"ఆగమ్మా! ఇవాళే కదా కూచున్నారు" అని కసిరింది నూకాలమ్మ. "ముందు ఊరు తిరిగి చూడనివ్వు." పరిగెత్తుకెళ్ళి తలుపులు రెండూ బార్లా తీసి, పక్కకి తప్పుకుని దణ్ణం పెట్టింది.

కుర్చీ గుమ్మం దాకా వచ్చి చటుక్కున ఆగింది. వెనకాల వైరు బిగుసుకుపోయింది.

"ఒరే గవర్రాజూ!" అని కేకేశాడు తాతబ్బాయి. "ప్రెసిడెంటు గారు కాలవ దాకా వెళ్ళేలా ఉన్నారు. ఇంకో చుట్ట వైరు పట్రా!"