మూడు జట్లకూ మొదటి ఆట

అనగనగా, జంతువులు కూడా పలకా బలపం పట్టుకుని చదువుకునే రోజుల్లో, ఒక కొండ అడుగున ఒక అడవి బడి ఉండేది. చిన్నపిల్లల బడి కాదు. కొమ్ములు మొలిచేవాళ్ళూ, గొంతులు మారేవాళ్ళూ చదివే పెద్దబడి. ఏనుగమ్మ ఆ బడికి పంతులమ్మ.

పాఠాలు చెప్పడం వరకే పంతులమ్మ పని. ఆటలూ, పాటలూ, బడి పండుగా పిల్లలే చూసుకోవాలి. అందుకని ఏటా ఓట్లు వేసి తమలో ఒకరిని నాయకులుగా ఎన్నుకునేవారు. మాట తప్పిన నాయకులు పదవి వదులుకోవాలి. అదీ ఆ బడి కట్టుబాటు.

ఆ ఏడు మంజువాణి అనే ముంగిస పోటీకి నిలబడింది. ఎదురు నిలబడినవాడు కంటకుడనే ఏదుపంది. కంటకుడిది ముళ్ళలాంటి మాట. మంజువాణిది తేనెలాంటి మాట. ఎవరేమడిగినా కాదనడం దానికి చేతకాదు. కాదంటే ఎదుటివాళ్ళ మొహం చిన్నబోతుంది కదా! అది చూసి ఓర్చుకోలేదు పాపం.

ఇక్కడ బడి పండుగ సంగతి ఒకటి చెప్పాలి. పండుగకి మృగరాజుగారు అతిథిగా వచ్చేవారు. వచ్చిన అతిథికి ముందు విందు పెట్టాలన్నది అక్కడి మర్యాద. గంగాళం నిండా పులిహోర, మరో గంగాళం నిండా పాయసం. అవి ఆరగించి రాజుగారు ఆటలు చూడ్డానికి బండ మీద కూర్చునేవారు. మొదటి ఆట దాకా కళ్ళు తెరిచి ఉండేవారు. రెండో ఆట మొదలయ్యేసరికి గుర్రు! ఇక ఎవరెంత బాగా ఆడినా ఆయన మెప్పు దక్కేది కాదు. అందుకని అన్ని జట్లకీ మొదటి ఆటే కావాలి.

ఓట్లకి ముందు నెమళ్ళు వచ్చాయి.

"మంజూ, మా నాట్యం మొదట పెట్టిస్తావా? మా ఓట్లన్నీ నీకే."

"దానికేం భాగ్యం! మీదే మొదట," అంది మంజువాణి.

ఆ వెనకే కప్పలు వచ్చాయి. "అక్కా, పోయినేడు మేం పాడుతుంటే మా పాట కన్నా రాజుగారి గురకే గట్టిగా వినబడింది," అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాయి.

"ఏడవకండర్రా, ఈసారి మీరే మొదట. అయితే ఇది మనలో మాట, సరేనా?"

కోతులైతే అడగనైనా అడగలేదు. దాన్ని భుజాల మీదికి ఎత్తుకుని, "మా పల్టీలే కదూ మొదట?" అని గంతులేశాయి.

"మీవే, మీవే! ముందు నన్ను దింపండి," అంది మంజువాణి.

ఇంకేముంది, అది గెలిచింది. కంటకుడు ఓడిపోయాడు.

పండుగ ముందురోజు వచ్చింది. మనలో మాట అంటే కప్పలు ఊరుకుంటాయా? "మేమే మొదట, మేమే మొదట" అని దాన్నే పాట కట్టి ఏటి పొడుగునా పాడాయి. అది విని నెమళ్ళు పరుగెత్తుకొచ్చాయి. కోతులు కొమ్మల మీంచి దూకాయి. మూడు జట్లూ ఒకేసారి బండ ఎక్కాయి.

కంటకుడు నవ్వాడు. "ఏమ్మా నాయకురాలా, మొదటి ఆటకి మూడు తలకాయలు మొలిచాయా?"

మంజువాణి స్నేహితుడు రంగడనే ఊసరవెల్లి దాని చెవిలో గొణిగాడు. "పిచ్చిదానా, పంతులమ్మే వరస మార్చిందని చెప్పెయ్. ఏనుగుని నిలదీసే కప్ప ఎక్కడైనా ఉందా? నీ పదవి నీకుంటుంది."

ఆ మాట మంజువాణి నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఒక కప్పపిల్ల గట్టిగా, "మీరంతా ఊరికే అరవకండి. అక్క మాకు మాటిచ్చింది. అక్క మాట తప్పదు," అంది.

మంజువాణి నాలుక మీది మాట మింగేసింది.

"పంతులమ్మగారు ఏమీ మార్చలేదు," అంది తలవంచుకుని. "మీ ముగ్గురికీ మొదటి ఆట ఇస్తానన్నది నేనే. ఇవ్వలేనని తెలిసీ అన్నాను. మీ మొహాలు చిన్నబోతే చూడలేక అన్నాను."

కోతులు కిచకిచమని వెక్కిరించాయి. నెమళ్ళు మొహం తిప్పుకున్నాయి. కప్పలు మాత్రం ఒక్క మాటా అనలేదు. ఎన్నడూ నోరు మూయని కప్పలు! అదే దానికి అన్నిటికన్నా కష్టమనిపించింది.

అప్పటికే గోల విని వచ్చిన ఏనుగమ్మ మెల్లిగా అంది. "పదవి సంగతి పండుగయ్యాక చూద్దాం. ముందు ఈ చిక్కు విప్పేదెవరు?"

"చీటీలు వేద్దాం. ఒకళ్ళు నవ్వుతారు, ఇద్దరు ఏడుస్తారు," అన్నాడు కంటకుడు.

మంజువాణి తలెత్తింది. "ఈ గొడవంతా రాజుగారి నిద్ర వల్ల వచ్చింది. వెళ్ళి ఆయన్నే అడుగుతాను."

"గుర్రు పెడతారని రాజుగారి మొహం మీదే చెప్తావా? నమిలేస్తారు నిన్ను!" రంగడు భయంతో తెల్లబోయాడు. ఊసరవెల్లి కదా, నిజంగానే తెల్లగా అయిపోయాడు.

అయినా మంజువాణి గుహకి వెళ్ళింది.

"మహారాజా, తమరు మొదటి ఆట కాగానే నిద్రపోతున్నారు. తమరు చూడాలని మా పిల్లలు మొదటి ఆట కోసం కొట్టుకుంటున్నారు."

మృగరాజు మీసాలు కదిలాయి.

"నేను నిద్రపోతున్నానా?" అన్నారు. "మహారాజు తన్మయులై వింటున్నారని అందరూ అంటే నిజమే కాబోలనుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదే! అయినా అంత పులిహోర, అంత పాయసం పెట్టి ఎండలో కూర్చోబెడితే నిద్ర రాక ఏమొస్తుందమ్మా? ఆ విందేదో చివర పెట్టండి."

ఎంత చిన్న సంగతి! అడిగేవారు లేక అన్నేళ్ళు అలా ఉండిపోయింది.

మర్నాడు విందుని పండుగ చివరికి జరిపారు. ఆకలి మీదున్నవారికి నిద్రెక్కడిది? రాజుగారు నిటారుగా కూర్చుని అంతా చూశారు. ఇక మొదటి ఆట కోసం ఎవరూ తగువు పడలేదు. కుదురుగా కూర్చోలేని కోతులు ముందు పల్టీలు కొట్టాయి. మబ్బు పట్టేదాకా ఆగి నెమళ్ళు ఆడాయి. పొద్దువాలి చల్లబడ్డాక కప్పలు పాడాయి. అందరికీ రాజుగారి మెప్పు దక్కింది.

పండుగ ముగిశాక మంజువాణి తనంతట తనే లేచి నిలబడింది. "నేను మాట తప్పాను. కట్టుబాటు ప్రకారం పదవి వదులుకుంటున్నాను," అంది.

అప్పుడు కప్పల పెద్ద ఎగిరి ముందుకి వచ్చింది. "పంతులమ్మగారూ, మాకింకా కోపం పోలేదు. కానీ అబద్ధమాడి తప్పించుకునే వీలుండి కూడా అక్క మాతో నిజమే చెప్పింది. సింహం ముందూ నిజమే చెప్పింది. అక్కని వదులుకోలేం. మా మొహాలు చిన్నబోయినా ఫరవాలేదు, ఇకమీదట కుదరనిది కుదరదని చెప్పమనండి."

"మరి మీరేమంటారు?" అని ఏనుగమ్మ మిగిలిన జట్లని అడిగింది. నెమళ్ళు తలలూపాయి. కోతులు చప్పట్లు కొట్టాయి. కంటకుడు కూడా, కాస్త ఆగి, సరే అన్నాడు. అలా మంజువాణి పదవి దానికే ఉండిపోయింది.

కాబట్టి పిల్లలూ, అందరికీ తీపిగా మాటిచ్చేవారు కాదు, తప్పు జరిగితే అందరి ముందూ నిజం ఒప్పుకుని దాన్ని సరిదిద్దేవారే నాయకత్వానికి తగినవారు.