చుట్టమును కూర్చుండబెట్టిన రైమతి వ్రతకథ

అక్షతలు చేతబట్టుకొని వినుడు. కథ ముగియువఱకు ఎవ్వరును లేవరాదు, ఫోను వంక చూడరాదు. కాలు నిలువని వారి కొఱకే ఈ కథ పుట్టినది. చెప్పుచున్న నాకును కాలు నిలువదు గనుక, మఠము వేసికొని మఱీ చెప్పుచున్నాను.

తొల్లి వేణుకర్ణుడను ముని ఆశ్రమమున అటునిటు పచార్లు చేయుచు, దీర్ఘశీల మహర్షిని సమీపించి యిట్లడిగెను. కలియుగమున జనులు ఇల్లు పట్టక ఊళ్లు తిరిగెదరనియు, కొండలెక్కి అక్కడివారి ఆటపాటలు చూపుమని, వారి కూడు పెట్టుమని తొందరపెట్టెదరనియు వింటిని. వారికి విడిది యిచ్చు కొండవాసులు తమ యింట తాము కూలివారు కాకుండ బ్రతుకు మార్గమేది? అట్టి వ్రతమున్నచో వెంటనే చెప్పుడని వేడెను. మహర్షి మొదట ఆయనను కూర్చుండుమనెను. రెండుమాఱులు లేచి, మూడవమాఱు కూర్చుండిన పిమ్మట, జరుగబోవు దానిని జరిగినట్లుగానే చెప్పసాగెను.

తూర్పు కనుమలలో గుమ్మపుట్టు అను ఆదివాసి పల్లె కలదు. అందు పాంగి రైమతి అను ఇల్లాలుండెను. ఆమె భర్త గాసి నెమ్మదస్తుడు. ఆమెకు మాత్రము కూర్చున్నచోట ముళ్లు గ్రుచ్చుకొనునట్లుండెడిది. కార్లలో వచ్చినవారు జలపాతము చూచి, కాగితములు పాఱవేసి, ఊరిలో అడుగైన పెట్టక పోవుట చూచి ఆమెకు కడుపు మండెను. వారు మన యింట దిగి, మన కొఱ్ఱన్నము తిని, మన కథలు మన నోట వినినచో ఆ బ్రతుకుతెరువు మన ఊరిలోనే నిలుచును గదా యని పండ్రెండిండ్ల స్త్రీలకు నచ్చజెప్పెను. వారు ఎఱ్ఱమట్టితో గోడలలికి, రెండు గదులు సిద్ధము చేసి, త్రోవ మలుపున పలక కట్టిరి. చుట్టములు వచ్చిరి. సాయంకాలము స్త్రీలు ఒకరి వీపు వెనుక ఒకరు చేయి వేసి, వరుసగా థింసా ఆడిరి. పల్లె కళకళలాడెను.

ఆ పల్లెలో ఒక కట్టడి కలదు. మామిడి కాపు వచ్చిన పిదప, ముహూర్తము చెప్పు దిసారి దినము నిర్ణయించి, తొలికాయను కొండమీద ఊరితల్లి జాకరమ్మ రాతి ముందు పెట్టువఱకు ఎవ్వరును క్రొత్తకాయ కొఱుకరాదు. దానినే మామిడికొత్త యందురు. కొత్తకు నాలుగు దినములుండగా పట్నమునుండి ఒక కుటుంబము విడిదికి వచ్చెను. వాకిట చెట్టు విఱుగగాచి యుండెను.

“రేపు పొద్దున్నే వెళ్ళిపోతున్నామండీ, మళ్ళీ ఎప్పుడొస్తామో ఏమో! ఒక్క కాయ కోసి ఉప్పూ కారం చల్లి ఇవ్వండి,” అని ఆ పట్నపు ఇల్లాలు బ్రతిమాలెను.

లేదనినచో నలుగురిలో చెడుగా చెప్పుదురేమోనని రైమతి కంగారుపడెను. “ఒక్క కాయే గదా, ఎవులు సూత్తారు,” అని కోసి, ముక్కలు తఱిగి, వంటచేయువారి అలవాటు చొప్పున ఉప్పు సరిపోయినదో లేదో యని ఒక ముక్క నోట వేసికొనెను.

ఆ సాయంకాలము ఆటకు నిలిచిరి. ప్రక్కనున్న బుద్రి ఆమె చేయి పట్టి వెంటనే విడిచెను. “ఓలమ్మ! నీ సేతికి మావిడి సొన కంపు కొడతందే!” అనెను. వరుస తెగెను. మఱునాటినుండి పండ్రెండిండ్లలో ఒక్కరును ఆమె వాకిలి త్రొక్కలేదు. ఆట లేని విడిదికి చుట్టములు తగ్గిరి.

అదను చూచి దిగువనుండి కనకరాజు అను వర్తకుడు వచ్చి, ఏడాదికి వాకిలి తన కప్పగించినచో తానే నడిపెదనని చెప్పి వ్రేలిముద్ర వేయించుకొనెను. గుడ్డ గుడారములు వేయించి, ఎక్కడివారినో తెచ్చి కొండచీరలు కట్టించి, మైకు పాటకు ఆడించెను. జాకరమ్మ గుఱించి నోటికి వచ్చిన కట్టుకథలు చెప్పించెను. రైమతికి చీపురు దక్కెను. ఒకనాడు ఆమె తన అరుగుమీద నిలిచియుండగా ఒక యాత్రికుడు, “అమ్మా, కొంచెం పక్కకి జరుగు, ఫొటోలో పడుతున్నావు,” అనెను. ఆమె జరిగి, పెరటిలోనికి పోయి భోరున ఏడ్చెను. “నా అరుగుమీద నన్నే జరగమన్నారు,” అని చీపురుతో తలబాదుకొనెను.

అప్పుడు అడ్డాకుల బుట్టతో ఒక ముసలమ్మ పెరటిగుండా వచ్చి, ఏడుపు కారణమడిగి, విడిది వ్రతముపదేశించెను. సొఱబుఱ్ఱలో కొఱ్ఱలు నింపి కలశముగా నిలుపవలెను. ఇంటింటికి పోయి తప్పు ఒప్పుకొనవలెను. విడిదిని పండ్రెండిండ్ల పేర పెట్టవలెను. కథ తమ నోటనే చెప్పవలెను. చూపరాని దానిని చూపజాలమని ముఖముమీదనే చెప్పవలెను. తొలిఫలము తల్లికి, పిదప చుట్టమునకు. అంతవఱకు చుట్టము చేతికి చిక్కుడుకాయలిచ్చి, ఒలువుమని కూర్చుండబెట్టవలెను. ఎన్నాళ్లు చేయవలెనని రైమతి తొందరపడి అడుగగా, నీ కాలు నిలుచువఱకు అని చెప్పి ముసలమ్మ వెడలిపోయెను.

రైమతి కలశము నిలిపి, ఇంటింటికి పోయి తప్పు ఒప్పుకొని, ఊరికి దండుగగా ఒక కోడినిచ్చెను. బుద్రి నాలుగు తిట్లు తిట్టి, పిదప కౌగిలించుకొనెను. ఏడాది గడువు తీరిననాడు పండ్రెండిండ్లవారును వాకిట వరుసగా నిలిచి, ఇక వ్రేలిముద్ర లేదనిరి. కనకరాజు గుడారములు చుట్టుకొని దిగిపోయెను. స్త్రీలందఱు తమ పేర సంఘము పెట్టి విడిది నడిపిరి, మరల చుట్టములు వచ్చిరి.

కలిమి రాగానే రైమతికి మరల కాళ్లు దురదపెట్టెను. తొలికొఱ్ఱలను తల్లికి పెట్టు కొఱ్ఱకొత్తను దిసారి బుధవారమని నిర్ణయింపగా, శని ఆదివారములలో జనము మిక్కుటముగా వత్తురని పోరుపెట్టి దానిని శనివారమునకు జరిపించెను. ఆ శుక్రవారమే వాన పట్టి కొండచఱియ విఱిగి త్రోవ మూసికొనిపోయెను. ఋతువంతయు ఒక్క చుట్టము రాలేదు. ఎందువలన అని ఆమెను ఎవ్వరును అడుగలేదు. ఆమెకే తెలియును. కలశము మరల నిలిపి, దిసారి కాళ్లు పట్టుకొని, కొత్తను ఆయన చెప్పిన దినముననే చేసెను.

మఱుసటి యేడు మామిడికొత్తకు నాలుగు దినములుండగా పెద్దకారులో ఒక శ్రీమంతురాలు దిగెను. చెట్టు చూచి కాయ కావలెననెను. “నూరుమందిని పంపిస్తాను. ఒక్క కాయ చాలు. నాకు కూర్చునే తీరిక లేదు,” అని కసరెను. రైమతి చేయి కొమ్మదాక పోయెను. అచటనే ఆగి, దిగెను.

“అమ్మా, నాల్రోజులు కూకో. మా తల్లి తిననిది నీకు ఎట్టలేను. కోపమొత్తే ఎల్లిపో, నానేటి సేసేది!” అని చిక్కుడుకాయల చేట ముందుంచెను. నూరుమంది చుట్టములు కొండ దిగిపోవుచున్నట్లే తోచి ఆమెకు కన్నీరు వచ్చెను.

శ్రీమంతురాలు విసురుగా కారుదాక పోయి, తిరిగి వచ్చి, అరుగుమీద చాప పఱపించుకొని చిక్కుళ్లు ఒలిచెను. నాలుగు దినములు గాసి చెప్పిన జాకరమ్మ కథలు వినెను. ఒకటి రెండుచోట్ల అట్లు కాదని సరిదిద్దెను కూడ. ఈమెకెట్లు తెలియునని ఎవ్వరును అనుకొనలేదు.

నాలుగవనాడు ఊరంతయు కొండకుపోయి తొలికాయ రాతి ముందు పెట్టి మ్రొక్కి వచ్చిరి. వచ్చి చూడగా అరుగు ఖాళీ. కారు లేదు. ఒలిచిన గింజలు చేట నిండ ఉండెను. ప్రక్కన ఒక పాత అడ్డాకుల బుట్ట. చాపమీద, కొండమీద తమ చేతులతో పెట్టి వచ్చిన తొలికాయ సగము కొఱికి యుండెను.

“ఓలమ్మ, నిన్నేనా నాల్రోజులు కూకోబెట్టినాను!” అని రైమతి ఏడ్చుచు నవ్వెను. పిదప ఆ చాప ప్రక్కనే కూలబడెను. ప్రొద్దు క్రుంకువఱకు ఆమె కాలు కదలలేదు.

ఈ వ్రతమును చుట్టములకు విడిది యిచ్చువారు, ఆటపాటలు జీవనముగా గలవారు, తమ కథను పరుల నోట విని మండిపడువారు, వ్రేలిముద్ర వేసి వగచువారు చేయవలెను. ఊళ్లు తిరుగువారును చేయవచ్చును, వారికే ఎక్కువ అవసరము. చేసినవారి అరుగు వారిదిగా నుండును, తెగిన వరుస కలియును, వచ్చినవారు మరల వత్తురు. ఇట్లు చెప్పి దీర్ఘశీలుడు చూడగా, వేణుకర్ణుడు కదలక కూర్చుండియుండెను.

అక్షతలు కలశముపై వేయుడు. ప్రసాదమునకు చేయి చాపకుడు. ముందు ఆ తల్లికి పెట్టి వచ్చెదను, అంతవఱకు ఈ చిక్కుళ్లు ఒలువుడు.