మద్దిచెట్టు అమ్మి కొన్న కారు

అనగనగా ఒక అడవి, పిల్లలూ. ఆ అడవిలో జంతువులు కార్లు నడిపేవి. నవ్వకండి! మాట్లాడే జంతువుల్ని నమ్మినవాళ్లు కార్లు నడిపే జంతువుల్ని నమ్మలేరా? అక్కడ ఏం కొనాలన్నా గవ్వలే చెల్లేవి.

అక్కడ బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతనికి పెద్ద మద్దిచెట్టు ఒకటి ఉండేది. దానికి పన్నెండు తేనెపట్లు. ఏటా నూట యాభై గవ్వల తేనె వచ్చేది. బొంతయ్యకు ఒక మంచి అలవాటు ఉంది. పట్టు ముట్టుకునే ముందు రాణి ఈగను "అమ్మా, తీసుకోనా?" అని అడిగేవాడు. "సగం తీసుకో నాయనా" అనేది ఆమె. అడగకుండా ఒక్క చుక్క కూడా ముట్టేవాడు కాదు.

ఒక ఏడు అతని పాత బండి మూలపడింది. తేనె కుండలు సంతకు చేర్చాలంటే కొత్త కారు కావాలి. కార్ల కొట్టులో రామచిలుక రెండు కార్లు చూపించింది.

"ఇది మైల్డ్ హైబ్రిడ్ అన్నా. ఎనిమిది వందల గవ్వలు. బ్యాటరీ చిన్నది, ఇంజనుకు కాస్త సాయం చేస్తుంది, అంతే. అది ఫుల్ హైబ్రిడ్. పన్నెండు వందలు. ఆగుతూ సాగుతూ పోయే దారిలో ఇంజను ఆపేసి బ్యాటరీ మీదే నడుస్తుంది. పెట్రోలు బాగా మిగులుతుంది" అంది.

"పెట్రోలు బాగా మిగులుతుంది" అన్న మాటే బొంతయ్య చెవిలో పడింది. "ఆగుతూ సాగుతూ" అన్నది పడలేదు. చిలుక అబద్ధం ఆడలేదు పిల్లలూ, మనవాడే సగం విన్నాడు.

అదే రోజు చురకమ్మ అనే ముంగిస మైల్డ్ హైబ్రిడ్ కొనుక్కుంది. సంత వీధిలో ముసలి జంతువుల్ని కొట్టు కొట్టుకీ తిప్పడం ఆమె పని. పది అడుగులకోసారి బ్రేకు వెయ్యాలి. అయినా చవగ్గా వచ్చిందని మురిసిపోయింది.

బొంతయ్య దగ్గర ఉన్నవి ఎనిమిది వందలే. సాయంత్రం చెట్టు కిందికి వచ్చి ఫుల్ హైబ్రిడ్ గొప్పలన్నీ చెప్పాడు. రాణి ఈగ ఓపిగ్గా విని ఇలా అడిగింది.

"వారానికి ఎన్నిసార్లు సంతకు పోతావు నాయనా?"

"ఒక్కసారే అమ్మా."

"దారిలో ఎన్నిచోట్ల ఆగుతావు?"

"గట్టు మీది దారి కదా, ఎక్కడా ఆగను."

"మరి ఎక్కువ పెట్టిన నాలుగు వందలు ఎన్నాళ్లకు తిరిగొస్తాయి?"

"తొందరగానే వస్తాయిలే అమ్మా" అని బొంతయ్య ముఖం తిప్పుకున్నాడు.

ఆ నాలుగు వందలు ఎక్కడినుంచి తెస్తున్నాడో ఆమె అడగలేదు. అతనూ చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే మద్దిచెట్టును గున్నప్ప అనే ఏనుగుకు నాలుగు వందలకు అమ్మేసి, ఫుల్ హైబ్రిడ్ కొనేశాడు. పెట్రోలు మీద మిగిలింది కూడబెట్టి రెండేళ్లలో మళ్లీ కొనేస్తానని మనసుకు నచ్చజెప్పుకున్నాడు.

ఏనుగులకు మద్ది బెరడంటే ఇష్టం. మూడో రోజుకే గున్నప్ప కాండం చుట్టూ బెరడు ఒలిచేశాడు. చెట్టు ఊగిపోయింది. ఈగలన్నీ ఎగిరిపోయాయి. రాణి ఈగ బొంతయ్య తల చుట్టూ ఒక్కసారి తిరిగింది.

"తేనె చుక్కకు కూడా అడిగేవాడివి. చెట్టుకు అడగలేదేం నాయనా?" అంది. జవాబు కోసం ఆగకుండా కొండ అవతలికి వెళ్లిపోయింది.

ఏడాది గడిచింది. బొంతయ్య లెక్క చూసుకున్నాడు. పెట్రోలు మీద మిగిలింది వారానికి ఒక్క గవ్వ. అంటే ఏడాదికి ఇంచుమించు యాభై. నాలుగు వందలు తిరిగి రావాలంటే ఎనిమిదేళ్లు. బ్యాటరీకి గ్యారంటీ కూడా సరిగ్గా ఎనిమిదేళ్లే! పోయిన తేనె మాత్రం ఏడాదికి నూట యాభై గవ్వలది. సంతకు పోయే కారులో, పొదల్లో దొరికిన తేనెతో నింపిన రెండే రెండు చిన్న కుండలు ఊగుతుండేవి. అతనికి ఏడుపొచ్చింది.

అప్పుడే చురకమ్మ వచ్చింది. "అన్నా, ఆగీ ఆగీ నా బండి పెట్రోలు తాగేస్తోంది. మనిద్దరం బండ్లు మార్చుకుందామా? పైన మూడు వందలు ఇస్తాను" అంది.

బొంతయ్య సరేనన్నాడు. ఆ మూడు వందలు, మిగిలిన యాభై మూటకట్టుకుని గున్నప్ప దగ్గరికి పరుగెత్తాడు. "నా చెట్టు నాకిచ్చెయ్యి మామా! తక్కువైనవి మళ్లీ తెచ్చిస్తాను" అన్నాడు.

"గవ్వలెందుకురా, ఊరికే తీసుకుపో. ఇక నాకు దాంతో పనేముంది?" అన్నాడు గున్నప్ప.

బొంతయ్య చెట్టు దగ్గరికి వెళ్లాడు. బెరడు పోయిన చెట్టు నిలువునా ఎండిపోయింది, ఒక్క ఆకు లేదు. ఖాళీ పట్లు ఎండిపోయి వేలాడుతున్నాయి. అలవాటు కొద్దీ తలెత్తి, "అమ్మా, తీసుకోనా?" అని అడిగాడు.

ఎవరూ పలకలేదు. పట్టులో ఒక్క ఈగ కూడా లేదు పాపం.

నీతి: ఏదైనా కొనేముందు దాని ధర ఒక్కటే కాదు, మన దారికి అది పనికొస్తుందా, దానికోసం ఏం పోగొట్టుకుంటున్నాం అన్నది కూడా లెక్క చూసుకోవాలి.