ఎలుకను ఎంచుకున్న పిల్లిగద్ద

అనగనగా ఒక గడ్డిబీడు. అడవి కాదర్రా, ఎటు చూసినా మోకాలెత్తు గడ్డే! ఆ బీడు మీద ఒక పిల్లిగద్ద ఉండేది. రెక్కలు బాగా పొడుగు, ఒళ్ళు మాత్రం చాలా తేలిక. గడ్డికి ఆనేట్టు మెల్లగా ఎగురుతూ, లోపల ఎలుక కదిలితే చెవితోనే పసిగట్టేది.

కాటన్న అనే వేటగాడు ఆ రెక్కలు చూసి మురిసిపోయాడు. "ఇంత పొడుగు రెక్కలున్నది నా వేటడేగను మించిపోతుంది!" అని వల వేసి పట్టాడు. రెక్కలు చూశాడే గానీ అది ఎలా వేటాడుతుందో చూడలేదు మహానుభావుడు!

వేటపక్షిని పస్తుంచడం పక్షులతో వేటాడించేవాళ్ళ పద్ధతి. ఆకలి ఉంటేనే అది వేటాడుతుంది, మాంసం ముక్క చూపిస్తే చేతి మీదికి తిరిగొస్తుంది. బలమైన డేగ ఆ పస్తులకు తట్టుకునేది. పిల్లిగద్ద మాత్రం రోజురోజుకీ నీరసించిపోయింది.

మొదటిసారి కాటన్న దాన్ని కౌజుపిట్ట మీదికి వదిలాడు. డేగలా దూసుకుపోవడం దానికి రాదు. పిట్ట తప్పించుకుంది. రెండోసారి కుందేలు మీదికి వదిలాడు. అదీ చిక్కలేదు. రెండుసార్లూ కడుపు మాడింది.

మూడోసారి బయల్దేరుతుంటే డేగ హెచ్చరించింది. "ఏమే, దారిలో ఎలుక దొరికినా ముట్టకు. మన పరువు పోతుంది. ఆకలేసిందని పులి గడ్డి మేస్తుందా?"

"గడ్డి ఎవరు మేస్తారు డేగక్కా? మా అమ్మ నన్ను ఎలుకలతోనే పెంచింది. అందులో నాకు సిగ్గేమీ లేదు," అంది పిల్లిగద్ద. ఒంట్లో ఓపిక లేదు, పౌరుషం మాత్రం తగ్గలేదు.

కాటన్న దాని కాలి తాడు విప్పి వదిలాడు. కౌజు బుర్రున లేచింది. అప్పుడే గడ్డి కింద ఎలుక కదిలిన చప్పుడు! ఇంకొక్క పూట పస్తుంటే ప్రాణం పోతుందని పిల్లిగద్దకు తెలుసు. కౌజును పోనిచ్చి గభాలున గడ్డిలోకి దిగి, ఎలుకను పట్టి తినేసింది.

"ఛీ, ఎలుకా!" అంది కాటన్న భుజం మీదున్న డేగ.

"రావే, రా!" అని కాటన్న మాంసం ముక్క ఊపాడు. కడుపు నిండాక ఎందుకొస్తుంది? పిల్లిగద్ద రెక్కలు చాచి పైకి లేచింది.

"కాటన్నా, నేను చేతకానిదాన్ని కాను. నీ చేతి మీద ఉండేదాన్ని కాను, అంతే!" అంటూ బీడంతా తనదే అన్నట్టు ఎగిరిపోయింది.

కాటన్న చెయ్యి దించేశాడు. "నిజమే తల్లీ, పొరపాటు నాదే," అన్నాడు. డేగ మాత్రం ఆకలితో ఆ ముక్క వైపే చూస్తూ ఉండిపోయింది.

నీతి: ఇంకొకరి పని మనకు రానంత మాత్రాన తక్కువైపోము, మనకొచ్చిన పనిని తలెత్తుకుని చేసుకోవాలి.